ఉప మొగులయ్య

మొగులయ్య గారు తన అరవై రెండేళ్ల జీవితంలో దేంట్లోనూ మొదటివారు కాలేదు. చేతకాక కాదు, కాకూడదని గట్టిగా పట్టుబట్టి కాలేదు. నడిస్తే ఒకరి వెనక నడుస్తారు, తింటే ఒకరు తిన్నాక తింటారు, మాట్లాడితే ఒకరు మాట్లాడాక మాట్లాడతారు. రెండో స్థానం కోసం ఆయన పడే తిప్పలు చూస్తే మొదటి స్థానమే తేలికని నాకు అనిపించేది. అలాంటి మనిషిని ఊరివాళ్లు ఏరికోరి ఉప సర్పంచ్‌ను చేశారు. అంతకన్నా తగిన ఎన్నిక ఆ ఏడాది మండలంలో ఇంకొకటి జరగలేదు.

నేను ఆ ఊరికి పంచాయతీ కార్యదర్శిని. ఊరి పేరు కొత్తకుంటగూడ. శంషాబాద్ దాటి పాల్మాకుల వైపు పోతూ కుడిచేతి మట్టిరోడ్డు పట్టుకుంటే వస్తుంది. రెండు వందల ఇళ్లు, ఎనిమిది వార్డులు, ఒక బడి, నెత్తిమీద పది నిమిషాలకొక విమానం. విమానం వచ్చినప్పుడు ఊళ్లో ఎవరు ఏ మాట మీద ఉంటే ఆ మాట మీదే ఆగిపోతారు. అది పోయాక అక్కణ్ణుంచే అందుకుంటారు. తిట్లకు కూడా ఇదే పద్ధతి.

ఉద్యోగంలో చేరిన రోజు మైలార్‌దేవ్‌పల్లి నుంచి స్కూటీ మీద దుమ్ము కొట్టుకుని వచ్చేసరికి, ఆఫీసు గుమ్మం ముందు తెల్ల ధోవతి కట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నారు.

"నడువుండ్రి మేడం," అన్నారు.

"పెద్దవారు, మీరు పదండి," అన్నాను.

"అయ్యో, గట్లెట్ల? మీరు నడువుండ్రి."

"పర్వాలేదండీ, మీరే ముందు..."

"మీరు పోతెనే నేను పోత."

మా ఇంట్లో నాకూ మర్యాదలు బాగానే నేర్పారు. అందుకని ఈ వ్యవహారం ఒక విమానం వచ్చి పోయేదాకా సాగింది. ఇంతలో ఎవరిదో మేక మా ఇద్దరి మధ్య నుంచి లోపలికి దూరి హాజరు రిజిస్టరు వాసన చూసింది. మొగులయ్య గారి మొహం వెలిగిపోయింది. "ఇగ సరే," అని మేక వెనకాలే లోపలికి నడిచారు. ఆ రోజు ఆఫీసులో అడుగుపెట్టిన మూడో ప్రాణిని నేను.

లోపల బల్ల వెనక రెండు కుర్చీలు. చేతులున్నది సర్పంచ్‌ది, చేతులు లేనిది ఉప సర్పంచ్‌ది. సర్పంచ్ కవితకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. అదే ఊళ్లో పుట్టి, అదే ఊళ్లో మెట్టిన పిల్ల. డిగ్రీ చదివింది. భర్త జగదీశ్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆ సారి ఊరు మహిళలకు రిజర్వు అయ్యేసరికి, ఊరి పెద్దమనుషులు చదువుకున్న పిల్ల కదా అని ఆమెను నిలబెట్టారు. ఆమె సంతకాలు పెడుతుంది, మాట్లాడే పని మేం చూసుకుంటాం అన్నది వాళ్ల ఆలోచన. ఆ పిల్ల కూడా మొదట్లో అలాగే ఉండేది. కాగితం ఇస్తే చివరి అక్షరం దాకా చదివేది, నోరు మాత్రం విప్పేది కాదు.

బయటి నుంచి వచ్చిన ఏ ఆఫీసరైనా తెల్ల ధోవతినీ నెరిసిన మీసాన్నీ చూసి, "నమస్తే సర్పంచ్ గారూ," అనేవారు. మొగులయ్య గారు వెంటనే వెనక్కి తిరిగి గోడను చూసేవారు. ఆ నమస్కారం గోడకు పెట్టారేమో అన్నంత శ్రద్ధగా చూసేవారు. తర్వాత వేలు పెట్టి చూపించేవారు. "గామె సర్పంచ్. నేను ఉప."

ఆమె కూర్చుంటేనే ఈయన కూర్చుంటారు. ఆమె రావడం ఆలస్యమైతే నిలబడే ఉంటారు. పెద్దాయన నిలబడితే నేను కూర్చోలేను, నేను నిలబడితే వచ్చిన ఆఫీసరుకు కూర్చోవడం బాగుండదు, ఆఫీసరు నిలబడితే ఆయన వెంట వచ్చినవాళ్ల గతి చెప్పేదేముంది? ఒకసారి బోరు చూడ్డానికి ముగ్గురు ఇంజినీర్లు వస్తే, ఐదుగురం రెండు ఖాళీ కుర్చీల చుట్టూ ముప్పావు గంట నిలబడ్డాం. తలుపు సందులోంచి చూసిన సఫాయి గోపయ్య, లోపల ఎవరికో శ్రద్ధాంజలి ఘటిస్తున్నారని ఊళ్లో చెప్పాడు.

ఇక తీర్మానాల సంగతి. పంచాయతీలో ఏ తీర్మానానికైనా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఈ రెండో పని మొగులయ్య గారి కోసమే పుట్టింది. ఐదేళ్లలో ఆయన ఒక్కటంటే ఒక్కటి ప్రతిపాదించలేదు. బలపరచనిది లేదు. ఎవరి నోటి నుంచైనా వాక్యం పూర్తికాకముందే "బలపరుస్తున్న!" అని చెయ్యి లేచేది. ఆ మాట ఆయన నాలుకకు ఎంత అలవాటైందంటే, ఒకసారి కాంపౌండరు "కాకా, నీకు షుగర్ పెరిగింది," అంటే కూడా బలపరిచారట.

ఆయన భార్య అనంతమ్మ గారు నా దగ్గర కూర్చుని మొరపెట్టుకునేది.

"కూరల ఉప్పు తక్కువైందా అంటే చెప్పడు మేడం. పక్కింటోళ్లను పిలిచి తినిపియ్యాలె. వాళ్లు తక్కువైందంటే అప్పుడు బలపరుస్తడు."

"పోనీలెండి, గొడవ లేదు కదా."

"గొడవ లేదా? నన్ను చూసుటానికొచ్చిన నాటి సంగతి వినుండ్రి. పిల్ల నచ్చిందా అని మా నాయిన అడిగిండు. ఈయన నోరు తెరవడు. వాళ్లన్న మంచిగుందన్నడు. అప్పుడు ఈయన 'నేను గూడ గదే అంట' అన్నడు. నలభై ఏండ్ల సంది నాకు తెల్వది మేడం, నేను ఈయనకు నచ్చిన్నా, వాళ్లన్నకు నచ్చిన్నా!"

పెళ్లిళ్లలో ఆయన రెండో బంతిలోనే కూర్చుంటారు. ఆ పాటికి మటన్ అయిపోయి పులుసు మిగులుతుంది. అనంతమ్మ గారు మొదటి బంతిలో కూర్చుని, నాలుగు ముక్కలు గిన్నెలో వేయించుకుని, చెంగు కింద దాచి తెచ్చేది. చూసినవాళ్లు ఆమెకు ఆశ ఎక్కువని అనుకునేవాళ్లు. ఆ ఇంట్లో ఎవరి మూలంగా ఎవరికి చెడ్డపేరు వచ్చేదో నాకు తెలుసు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన అలవాటు ఊరి పొలిమేర దాటి ఎయిర్‌పోర్టు దాకా వెళ్లిన ముచ్చట ఒకటుంది. ఊరి నుంచి పన్నెండు మంది కలిసి కాశీకి బయల్దేరారు. పుట్టినప్పటి నుంచి విమానాల కడుపులే చూసినవాళ్లు, లోపల ఎలా ఉంటుందో చూద్దామని విమానానికే టికెట్లు కొన్నారు. గేటు తెరవగానే పదకొండు మంది వెళ్లి కూర్చున్నారు. మొగులయ్య గారు గేటు పక్కన నిలబడి, "మీరు నడువుండ్రి సార్," "మీరు నడువమ్మా," అంటూ విమానాన్నంతా సాగనంపారు. ఎవరు పక్కకు తప్పుకున్నా ఆయన వాళ్ల వెనక్కి వెళ్లేవారు. చివరికి మైకులో ఆయన పేరు వినిపించింది. ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి, ఇదే ఆఖరి పిలుపని.

గేటు దగ్గరి అమ్మాయి, "మొగులయ్య గారంటే మీరేనా అండీ? ఎక్కండి, తలుపు మూసేస్తున్నాం," అంది.

"ఎక్కుత బిడ్డా. ఇంకెవ్వలన్న ఉన్నరా చూస్తున్న."

"ఇంకెవరూ లేరండీ. పైలట్ కూడా ఎక్కేశారు."

"గాయన ఎక్కిండా? అయితె సరే," అని ఎక్కారు.

టీకాలప్పుడూ ఇదే తంతు. కరోనా సూది మొదటిసారి ఊరికి వచ్చిన రోజు, బడి ఆవరణలో నర్సమ్మ పొద్దుటి నుంచి కూర్చున్నా ఒక్కరూ రాలేదు. సూది వేయించుకుంటే చెయ్యి పడిపోతుందని ఎవరో పుట్టించారు. ఉప సర్పంచ్ గారు ముందు వేయించుకుంటే జనం వస్తారని నర్సమ్మ బతిమాలింది. ఆయన ససేమిరా అన్నారు. కవితే వచ్చి చెయ్యి చాపింది. రెండోది ఆయన. ఆ సాయంత్రానికి ఊరంతా వేయించుకుంది. "మా సర్పంచ్‌కు ధైర్యం బాగున్నది," అని జనం చెప్పుకున్నారు. మొగులయ్యకు భయమని కూడా చెప్పుకున్నారు. ఆయన ఆ మాటను కూడా బలపరిచారు.

ఇలా నవ్వుకుంటూ నాలుగేళ్లు గడిచాయి. ఆ తర్వాత ఒక వారం రోజులు మాత్రం నాకు నవ్వు రాలేదు.

కవిత నెలలు నిండుతున్న సమయం. చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలి. వరుసగా రెండు తప్పితే సర్పంచ్ పదవి పోతుంది. మొదటి సభ రోజు ఆమె బీపీ పెరిగి దవాఖానాలో ఉంది. ఆ రోజు వర్షం కూడా పడటంతో సభకు చాలినంత జనం రాక అది తప్పిపోయింది. రెండో సభకు నెలాఖరు గడువు. పదహారో తారీఖున కవితకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం. మూడో రోజు ఊళ్లోనే ఉన్న తల్లిగారింటికి వచ్చేసింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

కవిత తల్లి కౌసల్యమ్మ గారు పచ్చి బాలింతను ఇరవయ్యొక్క రోజుల దాకా ఇంటి కడప దాటనివ్వదు. అది ఆ ఇంటి ఆచారం. దానికి సర్పంచ్‌లని, సర్కారని మినహాయింపులు లేవు.

"గాలి సోకితె ఎవ్వలు జిమ్మేదారి?" అని నన్నే అడిగింది. "మీ చట్టమొచ్చి కాపెడతదా?"

నేను లెక్కపెట్టి చూశాను. ఇరవయ్యొక్క రోజులు పూర్తయ్యేది వచ్చే నెల ఆరున. గడువు ముప్పైన.

ఈ సంగతి నాకంటే ముందు లెక్కపెట్టినవాడు ఆరో వార్డు మెంబరు రాఘవేందర్. అతనిది ప్లాట్ల వ్యాపారం. ఊరి పక్కనే వెంచర్ వేశాడు. అందులో పార్కుకు వదలాల్సిన జాగాను కూడా ప్లాట్లు చేసి అమ్ముకోవాలని చూస్తున్నాడు. కవిత ఆ కాగితాన్ని రెండుసార్లు కారణం రాసి మరీ వెనక్కి పంపింది. ఆమె కుర్చీ దిగి మొగులయ్య గారు ఎక్కితే తన పని అయిపోయినట్టేనని అతని ధీమా. దేన్నైనా బలపరిచే మనిషి కదా.

అతను ఆఫీసుకు వచ్చి, చేతులున్న కుర్చీని తువ్వాలతో తుడిచాడు.

"అన్నా, ఒక్కపారి ఇండ్ల కూసో. సభ నువ్వే నడుపు. మిగిలింది నేను చూసుకుంట."

"గది ఆమె కుర్చీ."

"ఆమెకు పసిపిల్లాయె. ఆర్నెల్లు రెస్టు తీస్కోనీ. సెలవు కాగితం తయారు జేసిన. నువ్వు ఇన్‌చార్జ్. పేపరోళ్లకు గూడ చెప్పిన, ఫోటో కొడ్తరు."

"మంచిదే. ఆమె అంటె నేను బలపరుస్త."

"ఆమె ఎందుకంటది?"

"అయితె ఆమెను అననీ," అని మొగులయ్య గారు తన కుర్చీ పక్కన నిలబడే ఉన్నారు.

రాఘవేందర్ వెళ్లాక నేను తలుపు దగ్గరికి వేశాను.

"కాకా, అతని మాట వదిలేయండి. నేను చెప్తున్నాను. సర్పంచ్ రాలేనప్పుడు ఉప సర్పంచ్ సభ నడపొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. మీరు గంటసేపు ఆ కుర్చీలో కూర్చుంటే కవిత పదవి నిలుస్తుంది."

"నేను రెండోణ్ని మేడం."

"రెండోవాళ్లు ఉన్నది ఇలాంటప్పటి కోసమే!"

"బలపరుస్తున్న," అన్నారు. కూర్చోలేదు.

నాకు నిజంగా కోపం వచ్చింది. నాలుగేళ్లు ఆ పిల్ల ఎలా కష్టపడిందో చూసినదాన్ని. కాగితాలు చదవడంతో మొదలుపెట్టి, ఈమధ్యే నలుగురిలో నాలుగు మాటలు మాట్లాడటం నేర్చుకుంటోంది. ఒక ముసలాయన పిచ్చి పట్టుదల మూలంగా, బిడ్డను కన్న పాపానికి ఆమె కుర్చీ పోతోంది. ఇన్నాళ్లూ ఈ మనిషి అలవాటును చూసి నవ్వినందుకు నా మీద నాకే చిరాకేసింది.

సోమవారం ఆయన కోసం ఇంటికి వెళితే లేరు. మోటారు రిపేరుకు శంషాబాద్ పోయాడని అనంతమ్మ గారు చెప్పింది. మోటారు మాత్రం ఇంటి ముందే తిరుగుతోంది. ఆమెకు చూపించాను. "గదే నాకూ సమజయితలేదు," అంది.

మంగళవారం పొద్దున సభ నోటీసు మీద సంతకం కోసం కౌసల్యమ్మ గారింటికి వెళ్లాను. సభ ఎలా జరుగుతుందో తెలియకపోయినా నోటీసు ఇవ్వక తప్పదు. మొగులయ్య గారు అప్పటికే అక్కడున్నారు. తువ్వాలను ఈ కొస నుంచి ఆ కొసకు పట్టుకుని ఆ ఇంటి దర్వాజాను కొలుస్తున్నారు. వీధిలో వాళ్లు ఆగి చూస్తున్నారు.

"ఏం జేస్తున్నవ్ మరిదీ?" అంది కౌసల్యమ్మ గారు.

"ఏం లేదు వదినా. దర్వాజ మంచిగున్నది."

లోపల కవిత చెవులకు గుడ్డ కట్టుకుని, మంచం మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొగులయ్య గారు కడప ఇవతలే నిలబడి అడిగారు.

"మేడం, సభ ఎక్కడ పెట్టుమంటరు?" మామూలుగా ఆయన ఆమెను బిడ్డా అంటారు. పంచాయతీ పని మీద మాట్లాడితే మాత్రం మేడం.

"నేనెట్ల వస్త కాకా? అమ్మ కడప దాటనియ్యది."

"దాటుమని నేనంటలేను. ఎక్కడ పెట్టుమంటరు?"

"ఎప్పుడు ఆఫీసులనే పెడ్తం గద. నువ్వే నడుపు కాకా."

ఆయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. నోటీసులో స్థలం దగ్గర ఖాళీ ఉంచమని నాకు చెప్పి మరీ వెళ్లారు. బుధవారం మళ్లీ వచ్చారు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. నేను పక్కనే పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. గురువారం కూడా వచ్చి, కడప ఇవతల నిలబడి, ఆ ప్రశ్నే అడిగి, ఈసారి కదలకుండా కడప వైపే చూస్తూ ఉండిపోయారు. కవిత ఆయన్ను చూసింది. కడపను చూసింది.

"కాకా... ఈన్నే పెడితే? మా ఇంటి ముంగట వాడకట్టుల. నేను లోపల్నే కూసుంట. అమ్మ చెప్పినట్టు కడప దాట..."

"బలపరుస్తున్న!"

బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.

"కుర్చీ పడ్తదా దర్వాజల?" అని నేను సందేహించాను.

"మూడు వేళ్ల జాగ మిగుల్తది మేడం," అన్నారాయన వెంటనే.

కౌసల్యమ్మ గారు చాలాసేపు ఆలోచించింది. కడప దాటడం లేదు. గాలి తగలకుండా పక్కన దుప్పటి కట్టొచ్చు. ఆచారంలో ఆమెకు ఎక్కడా తప్పు దొరకలేదు. "అయితె అందరు కాళ్లు కడుక్కొని రావాలె," అని ఒక షరతు మాత్రం పెట్టింది.

నోటీసు అంటించాం, డప్పు కొట్టించాం. ఆ తర్వాతి మంగళవారం పొద్దున పంచాయతీ ఆఫీసు నుంచి ఊరేగింపు బయల్దేరింది. ముందు చేతులున్న కుర్చీని నెత్తిన పెట్టుకుని గోపయ్య, వెనకాల చేతులు లేని కుర్చీని మోస్తూ మొగులయ్య గారు, ఆ వెనక రిజిస్టర్లతో నేను. దారిలో గోపయ్య చెప్పులో ముల్లు దిగి ఆగితే మొగులయ్య గారూ ఆగారు. ఎంత చెప్పినా దాటి ముందుకు పోలేదు. గోపయ్య ముల్లు తీసుకునేదాకా ఊరేగింపు ఎండలో నిలబడింది.

కడప లోపల చేతులున్న కుర్చీ, అందులో కవిత, ఒళ్లో పాప. కడప బయట చేతులు లేని కుర్చీలో మొగులయ్య గారు. నాలుగేళ్లలో ఏ గ్రామసభకూ రానంత జనం వచ్చారు. పాపను చూడొచ్చని ఆడవాళ్లంతా వచ్చారు. వాళ్లు వచ్చారని మగవాళ్లు వచ్చారు. వాకిట్లో నీళ్ల బిందెలు ఖాళీ అయ్యేదాకా అందరూ కాళ్లు కడుక్కున్నారు. మా మండలంలో అంత శుభ్రమైన గ్రామసభ ఇంకోటి జరిగి ఉండదు.

నేను హాజరు తీసుకోవడం మొదలుపెట్టగానే రాఘవేందర్ లేచాడు.

"ఇది సభేనా? గ్రామసభ అంటె పంచాయతీ ఆఫీసుల జరగాలె. బాలింతల ఇంటి ముంగట కాదు. ఇది చెల్లది. రేపు పైకి రాస్త. ఏమంటవ్ మొగులన్నా? నువ్వు పెద్దమనిషివి, నువ్వే చెప్పు!"

ఊరంతా మొగులయ్య గారి వైపు చూసింది. నేను కూడా చూశాను. ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. మడిచిన కాగితం కొస ఒకటి పైకి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఆయన ఎవరినీ చూడటం లేదు, కింద చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఊరి పద్ధతి ప్రకారం అందరూ ఆగాం. రాఘవేందర్ ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది.

విమానం పోయాక మాట్లాడింది కవిత.

"రాఘవేందరన్నా, గ్రామసభ ఊరిది. ఆఫీసుది కాదు. ఊర్ల ఏడ పెట్టుకున్నా నడుస్తది. దవాఖానల ఉన్నప్పుడు చట్టం పుస్తకమంత చదివిన. ఆఫీసులనే పెట్టాలెనని ఏడా లేదు. జాగ పేరు రాసి నోటీసు ఇచ్చిన, గోడలకు అంటిచ్చిన, డప్పు కొట్టిచ్చిన. నీ ఇంటి ముంగట గూడ కొట్టిన్రు. చెల్లదంటె ఏ లైన్ల ఉన్నదో చూపియ్యి, ఇప్పుడే బంద్ చేస్త." ఆమె గొంతు మొదట్లో వణికింది, తర్వాత వణకలేదు. "లేకుంటె కూసో. నీ వెంచర్ల పార్కు జాగ ఊరికి రాసిచ్చే సంగతే ఇయ్యాల మొదటి ముచ్చట."

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. రాఘవేందర్ చుట్టూ చూసి, చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కుని, అవి బాగా లోపలి వరసలో ఉండటంతో తీసుకోలేక మళ్లీ కూర్చున్నాడు. జేబులోని కాగితం కొస లోపలికి జారిపోయింది. "బలపరుస్తున్న," అన్నారు మొగులయ్య గారు. ఆ రోజు ఆయన గొంతు కొంచెం గట్టిగానే వినిపించింది.

పార్కు జాగా తీర్మానం అయిపోయింది. కవిత పదవి నిలిచింది. కౌసల్యమ్మ గారు మనవరాలి పేరున అందరికీ లడ్డూలు పంచింది. మొగులయ్య గారు తన లడ్డూ తినకుండా అనంతమ్మ గారి కోసం పొట్లం కట్టబోయారు. జేబులోంచి ఆ కాగితమే తీసి, మోకాలి మీద పరిచి, లడ్డూ దాని మధ్యలో పెట్టారు. కింద గుండ్రటి ముద్ర కనిపించింది. ఆఫీసు ముద్ర కనిపిస్తే నాకు చెయ్యి ఆగదు. లాక్కున్నాను.

శంషాబాద్ మండల ఆఫీసుకు ఆయన సొంత చేతిరాతతో పెట్టుకున్న అర్జీ అది. 'మా సర్పంచ్ గారు బాలింత అయినందున వారి తల్లి గారి ఇంటి ముందర గ్రామసభ పెట్టవచ్చునా, తెలుపగలరు.' దాని కిందే జవాబు, గ్రామంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చని. సంతకం, ముద్ర, తేదీ. తేదీ సోమవారానిది.

"కాకా, కవిత ఈ మాట అన్నది గురువారం కదా?"

"అవును మేడం."

"మీకు సోమవారమే తెలుసు."

"నాకు తెలిస్తె ఏమైతది? చెప్పింది ఆమె గద."

"మరి రాఘవేందర్ అడిగినప్పుడు ఇది చూపించొచ్చు కదా! నాకు ప్రాణం పోయినంత పనైంది."

"ఆమె చెప్పకపోతె తీద్దమనుకున్న. చెప్పింది. ఇగ దీంతోని ఏం పని? లడ్డూకి పనికొస్తది." ఆయన గొంతు తగ్గించారు. "నేను గా కుర్చీల ఒక్కపారి కూసుంటె నన్ను లేవనియ్యరు మేడం. ఆమెను కూసోనియ్యరు. జర సప్పుడు జెయ్యకుండ్రి."

కోప్పడినందుకు క్షమాపణ చెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే పొట్లానికి దారం వెతుక్కుంటున్నారు. అందుకని నాకు చేతనైన పని చేశాను. తీర్మానాల పుస్తకం తెరిచి, సభాస్థలం అన్నచోట, 'ఉప సర్పంచ్ శ్రీ మొగులయ్య గారి ఆలోచన మేరకు' అని రాశాను.

ఆయన అది చదివి అదిరిపడ్డారు. "గిదేంది? కొట్టెయ్యుండ్రి! సర్పంచ్ ప్రతిపాదన మేరకు అని రాయుండ్రి!"

"రాసేశాను కదా కాకా."

"కొట్టెయ్యుండ్రి మేడం, మీకు దండం పెడ్త!"

కొట్టేశాను. కానీ సర్కారు పుస్తకంలో కొట్టివేతకు ఒక పద్ధతుంది. ఒకే గీత గీయాలి, కింది అక్షరాలు కనిపించాలి, పక్కన సర్పంచ్ పొట్టి సంతకం ఉండాలి. ఆ పద్ధతి ఆయనకు తెలుసు. ఆ కంగారులో గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి పుస్తకం కడప దాటి కవిత చేతిలో ఉంది.

ఆమె ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదువుతుందని చెప్పాను కదా. గీత కింద ఉన్నది చదివింది. ఇంకోసారి చదివింది. ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో గీత పక్కన సంతకం పెట్టింది. తలెత్తి ఆయన వైపు చూసింది.

"కొట్టేసింది మంచిగనే కనవడుతుంది కాకా," అంది.

"చేతులకు లడ్డూ అంటింది బిడ్డా, నల్ల కాడ కడుక్కొనొస్త," అని మొగులయ్య గారు గబగబా వీధిలోకి నడిచారు. ఎవరి కోసమూ ఆగకుండా, అందరికంటే ముందు. నల్లా ఉన్నది ఇటువైపు. ఆయన వెళ్లింది అటువైపు.